నీళ్లు ఇటు, ముఖద్వారం అటు

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సరస్సును సముద్రంతో కలిపే దారుల్లో ఉత్తరాన రాయదొరువు, దుగరాజపట్నం వైపువి ఇసుక మేటలు వేసి పూడుకుపోతూ వచ్చాయి. కాస్తో కూస్తో నమ్ముకోదగ్గ ముఖద్వారం పళవేర్కాడు దగ్గరుంది, అది తమిళనాడుది. ఇల్లు మనది, తలుపు పక్కవాళ్లది అన్నట్టుంది. రెండు ప్రభుత్వాలూ తమ తమ వాటాను మాత్రమే సరస్సు అనుకుంటూ వచ్చినందువల్ల జరిగిన నష్టమేమిటో, ఇకనైనా కలిసి కాపాడుకునే దారేమిటో చెప్పడానికి ఈ పుస్తకం వచ్చింది. తెలుగులో ఇలాంటి పుస్తకం కోసం నేను చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. దానికి నాలుగు మాటలు రాసే అవకాశం నాకే దక్కినందుకు సంతోషంగా ఉంది.

రాసిన అమ్మాయి మా హైదరాబాద్ కిషన్‌బాగ్ పిల్ల. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు, పళవేర్కాడులో నేర్చింది తమిళం. డిగ్రీ చదివే రోజుల్లో మీరాలం చెరువులో చేపల గురించి అడగడానికి మా ఇంటికి వచ్చింది. నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరైనవాణ్నని, ఉమ్మడి రాష్ట్రంలో పులికాట్ ఒడ్డున సూళ్లూరుపేట వైపు కొంతకాలం ఉద్యోగం చేశానని ఎవరో చెప్పారట. మా బస్తీకి దగ్గర్లోనే ఉంది ఆ చెరువు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నిజాం దివాను మీర్ ఆలం పేరున కట్టించిన ఆనకట్ట అది. నీటి వైపుకు ఉబ్బిన 21 అర్ధచంద్రాకారపు కమానులు భుజం భుజం కలిపి నిలబడి ఉంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు ఊరికి తాగునీళ్లు ఇచ్చిన చెరువు. 1963లో జూ వచ్చింది దాని ఒడ్డునే. ఇప్పుడు ఒక పక్క జూ, మరో పక్క బస్తీలు. నీళ్లు ఒకరి ఫైలులో, చేపలు ఇంకొకరి ఫైలులో, మురుగు మరొకరి ఫైలులో. ఇవన్నీ విని ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "సార్, ఒక్క ఊళ్లో ఉన్న చెరువుకే ఇంతమంది అయితే, రెండు రాష్ట్రాల మధ్య ఉన్న సరస్సును ఎవరు చూస్తారు?" ఆ ప్రశ్నకు నేను అప్పుడు చెప్పిన జవాబు పులికాట్. తర్వాత తనే వెళ్లి చూసుకుంది. ఆ చూపే ఈ పుస్తకం.

పులికాట్‌ను మనవాళ్లు పక్షుల కోసం చూడబోతారు. చలికాలంలో ఫ్లెమింగోలు నీళ్ల మీద గులాబీరంగు గీతలా బారులు తీరి ఉంటాయి. దగ్గర్లోని నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. ఇవన్నీ మంచివే, పుస్తకంలోనూ ఉన్నాయి. కానీ ఈ అమ్మాయి పక్షిని చూసి ఆగిపోలేదు. పక్షి కాళ్ల కింద నీళ్లున్నాయా, ఉంటే ఎంత లోతు, ఎంత ఉప్పు అని అడిగింది. సరస్సు సంగతి తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న అదే.

దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. అంత పెద్దదైనా సగటు లోతు ఒక మీటరు అటూ ఇటూ. కాబట్టి ఇక్కడ నీటి కథంతా రెండు చేతుల మీద నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. ముఖద్వారం గుండా పోటు ఉప్పునీళ్లు తెస్తుంది, ఆటు తీసుకుపోతుంది. రెండూ సరిగా కలిస్తే సరస్సు పండుతుంది. ఎండాకాలంలో నదులు ఎండి, ముఖద్వారం పూడితే, నిలిచిన నీళ్లు ఆవిరై సముద్రాన్ని మించి ఉప్పగా మారతాయి. అటకానితిప్ప దగ్గర ఒక యానాది పెద్దావిడ కనిపించే పేజీలు ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చాయి. ఆవిడ వేలు నీళ్లలో ముంచి నాలుక మీద అద్దుకుని, ఈ నీళ్లలో రొయ్య నిలవదమ్మా అంటుంది. ఈ అమ్మాయి అదే నీటి చుక్కను రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి వెలుతురుకు పట్టి చూస్తుంది. గీత సముద్రపు నీటి గుర్తు దాటి పైకి పోయి ఉంటుంది. ఆవిడ మాటకూ ఆ గాజు లెక్కకూ తేడా లేదు. మా శాఖలో కొత్తగా చేరినవాళ్లందరి చేతా చదివించాల్సిన పేజీలు అవి.

రొయ్యల రాకపోకల మీద ఒక అధ్యాయం ఉంది. తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్ల పోటుతోపాటు ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తుంది. గడ్డిలో, బురదలో దాక్కుని, కొన్ని నెలలు మేసి, పెరిగి, మళ్లీ ఆ దారినే సముద్రానికి పోతుంది. ఆడ మండపీత గుడ్లు వదలడానికి సముద్రానికే వెళ్లాలి. పండుగప్పకూ ఆ రాకపోకలు తప్పవు. అంటే వేనాడు పక్కనో, ఇరకం దీవి దగ్గరో వలలో పడే రొయ్య పళవేర్కాడు ముఖద్వారం దాటి వచ్చినదై ఉండవచ్చు. తమిళనాడు తీరంలో సముద్రపు వలకు చిక్కే రొయ్య మన నీళ్లలో పెరిగినదై ఉండవచ్చు. ఈ రాకపోకలను రచయిత్రి ఎంత ఓపికగా, ఎంత తేటగా చెప్పిందో చూడండి. ఈ అధ్యాయం చదివాక సరస్సును రెండు ముక్కలుగా ఊహించడం ఎవరికీ చేతకాదు.

చేతకాకపోయినా ముక్కలు చేశాం. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మళ్లీ సర్దారు. తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. భాషల లెక్క చూసి ఊళ్లను పంచుకోవడం న్యాయమే. కానీ ఆ పంపకాలు చేసినవాళ్ల ముందుకు వచ్చి మాట్లాడే గొంతు సరస్సుకు లేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్ తన భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది, తమిళనాడు తన భాగాన్ని 1980లో ప్రకటించింది. రెండు ప్రకటనలు, రెండు శాఖలు, రెండు పటాలు. ఒక పక్షి పొద్దున అన్నామలైచేరి దగ్గర మేసి సాయంత్రానికి ఉత్తరపు బురదనేలలకు వస్తే, అది ఒక రాష్ట్రం లెక్కలోంచి మరో రాష్ట్రం లెక్కలోకి దూకినట్టు.

సరస్సు మొత్తాన్ని ఒక్కటిగా చూసిన సందర్భం ఒకటుంది. రచయిత్రి దాన్ని సరిగ్గా పట్టుకుంది. 1996 డిసెంబరు 11న రొయ్యల చెరువుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పెంపకం పెట్టకూడదంది. ఆ కేసు వేసిన ఎస్.జగన్నాథన్ తమిళనాడు గాంధేయవాది. ఆయన వేసిన కేసు నేలపట్టు పక్షులకూ రక్ష అయింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి లెక్కలు మారాయి, అది వేరే సంగతి. ఒక్కటి మాత్రం నిజం. ఆ తీర్పు రాసినవాళ్లు సరస్సు మధ్యలో గీత గీయలేదు.

సరిహద్దు తగాదాల గురించి ఈ పుస్తకం దాచిపెట్టకుండా రాసింది. ఉత్తరాన నీళ్లు తగ్గితే మన జాలర్లు దక్షిణానికి పోతారు, అక్కడ రొయ్యలు తగ్గితే అటువాళ్లు ఇటు వస్తారు. వలలు కోసుకోవడం, పడవలు పట్టుకోవడం, పెద్దమనుషులు కూర్చోవడం, అధికారులు వచ్చి సర్దిచెప్పడం. ఒక్కో గొడవ ఒక్కో రకంగా మొదలైనా, వెనకున్నది ఒకటే: నీళ్లు తగ్గాయి, ముఖద్వారం ఇరుకైంది, కడుపులు తగ్గలేదు. రచయిత్రి ఇక్కడ ఎవరి పక్షమూ వహించలేదు. భీములవారిపాలెం రేవులో అడిగిన ప్రశ్నలనే పళవేర్కాడులోనూ అడిగింది. జవాబులు కూడా ఇంచుమించు ఒకటేనని పాఠకులకే తెలిసిపోతుంది.

పళవేర్కాడు జాలర్ల పాడు పద్ధతి మీద రాసిన భాగం దగ్గర కాసేపు ఆగాలి. ముఖద్వారం దగ్గర వేట బాగా దొరికే చోట్లు కొన్నే. అక్కడ కట్టువలలు వేసే హక్కు వంతులవారీగా తిరుగుతుంది. ఏ ఊరి వంతు ఏ రోజు, ఆ ఊళ్లో ఎవరి వంతు అనేది ముందే తేల్చుకుంటారు. వంతు లేని రోజు వల వేస్తే కుల పెద్దలు ఊరుకోరు. సర్కారు చట్టం కంటే పాతది ఈ ఏర్పాటు. ఇప్పటికీ నిలబడి ఉంది. సరస్సు అందరిదీ అంటే ఎవరికి వాళ్లు దోచుకోవడం కాదని తేల్చి చెప్పే పద్ధతి ఇది. అయితే ఇందులో వంతు లేనివాళ్లూ ఉన్నారు. చేతులతో తడుముతూ రొయ్యలు పట్టుకునే ఇరుళలకు అటుపక్క, యానాదులకు ఇటుపక్క ముఖద్వారం దగ్గర చోటు లేదు. ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే రచయిత్రికి అన్నం పెట్టి, పడవెక్కించి తిప్పింది ఆ పాడు వంతులున్న ఊళ్లవాళ్లే. కృతజ్ఞత ఉంచుకుంటూనే నిజం రాసింది. అందుకు నేను ఆమెను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

వేనాడు దర్గా గంధం ఉత్సవం మీద ఒక చిన్న అధ్యాయం ఉంది. ఆంధ్ర నుంచీ తమిళనాడు నుంచీ, హిందువులూ ముస్లిములూ కలిసి ఆ దీవికి వస్తారు. పాతబస్తీ గంధం ఊరేగింపుల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి అక్కడి జనాన్ని చూసిన తీరులో ఒక చనువుంది. పరాయి ఊరివాళ్లు రాస్తే అది వింతగా ఉండేది. ఈమె రాస్తే మన ఇంటి సంగతిలా ఉంది. ప్రళయకావేరి అని మన పెద్దలు పిలుచుకున్న ఈ సరస్సు ఒడ్డు బతుకును స.వెం.రమేశ్ గారు తన 'ప్రళయకావేరి కథలు'లో అక్కడి మాటల్లోనే తెలుగువాళ్లకు చూపించారు. ఆ కథలు చదివి కళ్లు చెమర్చినవాళ్లకు, ఆ బతుకు ఎందుకు ఇంత కష్టమైందో లెక్కలతో సహా ఈ పుస్తకం చెబుతుంది. రెండూ ఒక అలమరలో ఉండాల్సినవి.

రెండు ప్రభుత్వాలు కలిసి ఒక సరస్సును చూసుకోవడం సాధ్యమేనా అని సందేహించేవాళ్లకు ఐరోపా నుంచి ఒక ఉదాహరణ ఇచ్చింది రచయిత్రి. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల మధ్య కాన్‌స్టన్స్ సరస్సు ఉంది. దాని ప్రధాన భాగంలో దేశాల సరిహద్దు ఎక్కడుందో ఆ మూడు దేశాలూ ఈనాటికీ ఒక ఒప్పందానికి రాలేదు. అయినా చేపల వేటకు ఉమ్మడి నియమాలు 1893లోనే బ్రెగెంజ్‌లో రాసుకున్నారు. 1959లో సరస్సు రక్షణకు ఒక అంతర్జాతీయ కమిషన్ పెట్టుకున్నారు. ఊళ్ల మురుగుతో, సబ్బు నురగతో ఫాస్ఫరస్ పెరిగి నీళ్లు చెడిపోతుంటే, అందరూ కలిసి మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు. 1970ల చివర్లో హెచ్చుగా ఉన్న ఫాస్ఫరస్ ఆ తర్వాత బాగా తగ్గింది. ఆ నీళ్లు ఇవాళ నలభై లక్షల మందికి పైగా తాగుతున్నారు. మరీ శుభ్రమై చేపలకు మేత తగ్గిందని అక్కడి జాలర్లు ఇప్పుడు గోలపెడుతున్నారు. అంటే పని ఒకసారి చేసి వదిలేసేది కాదు, కూర్చుని మాట్లాడుకునే చోటు ఎప్పుడూ ఉండాలి. నాకు ఈ ఉదాహరణలో అన్నిటికంటే నచ్చింది మొదటి సంగతే: గీత తేలలేదు, అయినా సరస్సు ఆగలేదు.

ఐరోపా దాకా ఎందుకు, మన దగ్గరే ఉదాహరణలు ఉన్నాయి. ఇవి పుస్తకంలో క్లుప్తంగా వచ్చాయి కాబట్టి నేను కాస్త చెబుతాను. 1983 ఏప్రిల్ 18న ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వాలు తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. కృష్ణా నీళ్లు కండలేరు మీదుగా మద్రాసుకు ఇవ్వాలన్నది మాట. 1996లో నీళ్లు సరిహద్దు దాటాయి. అంతకుముందే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. దాహం వేసిన ఊరికి మూడు రాష్ట్రాలు నీళ్లు పంచగలిగాయి. రాష్ట్రాల ఉమ్మడి డ్యామును చూసుకునే తుంగభద్ర బోర్డు 1953 నుంచి ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, నీళ్లు పారుతుండగానే వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించి ఆపారు. మన రిటైర్డ్ ఇంజినీరు కన్నయ్యనాయుడు గారి అనుభవం అందుకు అక్కరకొచ్చింది. ఆపద వచ్చినప్పుడు ఎవరిని పిలవాలో, ఎవరు ఖర్చు పెట్టాలో తేల్చడానికి ఒక బోర్డు ముందే ఉండటం ఎంత మేలో ఆ వారం చూపించింది. పులికాట్‌కు అలాంటిది లేకపోవడమే నా బాధ. చిలికాకు ఒడిశా ప్రభుత్వం 1991లో ఒక సంస్థను పెట్టి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వించింది. చేపలు తిరిగి వచ్చాయి, పక్షులు వచ్చాయి. ఒకే రాష్ట్రం కాబట్టి పని తేలికైంది. మనకు ఇద్దరు కావాలి, అంతే.

ఏం చేయాలో రచయిత్రి చివరి అధ్యాయంలో చెప్పింది. నా మనసులో ఉన్నదీ అదే. రెండు రాష్ట్రాలూ, కేంద్రమూ, శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం షార్ ఉంది కాబట్టి ఇస్రో, ముఖ్యంగా రెండు ఒడ్ల జాలర్లూ, యానాదులూ, ఇరుళలూ కూర్చునే ఒక సరస్సు బోర్డు కావాలి. దక్షిణ ప్రాంతీయ మండలిలో ఈ రెండు రాష్ట్రాలూ ఎలాగూ ఉన్నాయి, అక్కడే మొదలుపెట్టవచ్చు. ఆ బోర్డు చేతికి ముందు ముఖద్వారాలు అప్పగించాలి. తమిళనాడు తన వైపు ముఖద్వారానికి రాతిగోడలు కట్టుకోవడం, ఆంధ్ర తన వైపు పూడిక తీయడం వేర్వేరుగా జరిగితే, ఒకచోట తీసిన ఇసుక మరోచోట మేట వేయదని ఎవరు చెప్పగలరు? తీరం వెంబడి ఇసుక ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది. దానికి రాష్ట్రాలు లేవు. ఆరణి నది పిచ్చాటూరు జలాశయం నుంచి తమిళనాడులోకి పోయి పులికాట్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి ఎప్పుడు ఎంత వదలాలో కూడా ఆ బోర్డులో మాట్లాడుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట రెండు రాష్ట్రాల్లోనూ ఒకే తేదీల్లో ఆగుతుంది. సముద్రానికి కుదిరిన ఒకే క్యాలెండరు సరస్సుకు మాత్రం ఎందుకు కుదరదు?

పెద్దవాణ్ని కాబట్టి రెండు లోట్లు చెప్పకుండా ఉండలేను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా కోస్తూ వేసిన రోడ్డు సంగతి పుస్తకంలో ఒకటి రెండు పేజీల్లోనే అయిపోయింది. ఆ రోడ్డు దేశానికి అవసరం, కాదనను. 1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు ఎగిరిన నాటి నుంచీ ఆ దారి లేనిదే పని జరగదు. కానీ ఆ కట్ట కింద తూములు చాలినన్ని లేక ఉత్తర భాగం వేసవిలో ముందే ఎండిపోతుందని అక్కడి ప్రతి జాలరి చెబుతాడు. వంతెనగా మార్చగలిగిన చోట మార్చమని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. రెండోది, దక్షిణాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల విస్తరణ వల్ల ఇసుక నడక ఎలా మారుతుందో, అది పళవేర్కాడు ముఖద్వారానికి ఏం చేస్తుందో ఇంకా లోతుగా రాయాల్సింది. మలి ముద్రణలో ఈ రెండూ పెంచుతానని అమ్మాయి మాటిచ్చింది.

చదివేవాళ్లకు ఒక సలహా. మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలని లేదు. తెల్లరొయ్య రాకపోకల అధ్యాయం ముందు చదవండి, తర్వాత పాడు పద్ధతి, ఆ తర్వాత వెనక్కి వచ్చి సరిహద్దు చరిత్ర చదవండి. అప్పుడు చివరి అధ్యాయంలోని బోర్డు ప్రతిపాదన కాగితం మీది కోరికలా కాక, ఆలస్యమైన పనిలా కనిపిస్తుంది. నీటిపారుదల శాఖలో, అటవీ శాఖలో, మత్స్యశాఖలో పనిచేసేవాళ్లు ఈ పుస్తకం తప్పకుండా చదవాలని నా కోరిక. సూళ్లూరుపేట, తడ, గూడూరు కాలేజీల్లో పిల్లల చేత చదివించాలి.

ఇది తమిళంలోకి కూడా వెళ్లాలి. సగం సరస్సు మనుషులు చదవలేని భాషలో ఉంటే ఈ పుస్తకం పని సగమే అవుతుంది. పళవేర్కాడులో, పొన్నేరిలో తెలుగూ తమిళమూ రెండూ వచ్చినవాళ్లు ఉన్నారు. అనువాదానికి ఎవరు ముందుకొచ్చినా, సూళ్లూరుపేట రోజుల్లో నేను రాసుకున్న నోట్సు, చేపల పేర్ల పట్టికలు అన్నీ వాళ్ల చేతికిస్తాను. కిషన్‌బాగ్‌లో మా ఇల్లు ఈ అమ్మాయికి తెలుసు.

చల్లగా ఉండు తల్లీ. మలి ముద్రణకు ముందు ఒకసారి వేసవిలో మళ్లీ ఆ ఉత్తరపు ఒడ్డుకు వెళ్లిరా.

కిషన్‌బాగ్, హైదరాబాద్